నోట్‌బుక్కుకి ఇల్లు మార్చిన రోజు

మెకానిక్కు ఆ ఆసుపత్రిలో సామాన్ల లిఫ్టుని పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాడు. ఆయన భార్య అదే ఆసుపత్రిలో ఏడో అంతస్తు బట్టల గదికి పెద్ద. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఆవిడకేం, మొగుడు లిఫ్టు మనిషి, పిలవకుండానే లిఫ్టొచ్చి గుమ్మంలో నిలబడుతుంది అనిపిస్తుంది. బట్టల గదిలో ఆడవాళ్ళు కూడా కొత్తలో అలాగే అనుకున్నారు. ఇప్పుడు ఆ మాటెత్తితే మూతి మీద కొంగు పెట్టుకుంటారు.

లిఫ్టుకి పని లేనప్పుడు ఎక్కడో ఒకచోట ఆగి ఉండాలి. ఆ చోటుని హోమ్ ఫ్లోరు అంటారు. ఈ లిఫ్టు హోమ్ ఫ్లోరు కింద, వంటగది పక్కన. ఎవరిని ఎక్కడ దింపినా సరే, ఖాళీ అయిందో లేదో బుద్ధిగా కిందికి పోయి నిలబడుతుంది. ఏడో అంతస్తులో బటన్ నొక్కితే అది అక్కడ బయల్దేరి, మెల్లగా, ఏడు అంతస్తులూ ఎక్కి రావాలి. యాభై రెండు సెకన్లు. అద్దంలాగా మెరిసేట్టు తుడిచినా, నూనె పోసినా, ఒక్క సెకను తగ్గదు.

"పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. నేను బటన్ నొక్కగానే తలుపు తెరుచుకున్న రోజు ఒక్కటుంటే చెప్పండి" అంది ఆవిడ ఒకనాడు, దుప్పట్ల ట్రాలీ మీద మోచేతులానించి. "తాళాలు బాగుచేసేవాడి పెళ్ళాం గుమ్మం బయట నిలబడుతుందా? నా రాత చూడండి."

వెనక నలుగురు ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అక్కడే లిఫ్టు తలుపుకి నూనె పెడుతున్న మెకానిక్కుకి ఆ నవ్వు తగిలింది. తనలో తాను గొణుక్కునే మనిషే గాని నోరు జారే మనిషి కాదు. ఆ రోజు జారాడు.

"బుధవారం నుంచి నీ గుమ్మంలోనే ఉంటుంది. చూసుకో."

"ఏ బుధవారం అండీ? ఏడాదికి యాభై రెండుంటాయి, మీ సెకన్లలాగా" అందో గడుసుపిల్ల.

"వచ్చే బుధవారమే" అన్నాడు మెకానిక్కు.

అని, చక్కా పోయి సూపరింటెండెంటమ్మ ముందు నిలబడ్డాడు. ఆవిడ మాట పొదుపు, చూపు పదును. విషయం విని కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఏడో అంతస్తు. మీ ఆవిడ కోసమా?"

మెకానిక్కు చెవులు ఎర్రబడ్డాయి. "ఆసుపత్రి కోసమేనమ్మా."

"అయితే లెక్క చూపించండి. ఏ అంతస్తు ఎన్నిసార్లు పిలుస్తోందో. ఊహలొద్దు. బుధవారం మూడింటికి మీ గదికి నేనే వస్తాను."

లెక్క అంటే ఆయనకి భయం లేదు. లిఫ్టు గది మిద్దె మీద ఉంది. అందులో ఒక పాత కంప్యూటరుంది. ఏ అంతస్తువాళ్ళు ఎప్పుడు బటన్ నొక్కారో అదే రాసుకుంటుంది. నలభై రోజుల రాత ఉంది. చిక్కల్లా ఆ రాతని బొమ్మ కింద మార్చడంలో ఉంది. అందుకు మేనకోడలు ఉండనే ఉంది. బస్సుల కంపెనీలో ఏ దారిలో ఎంతమంది ఎక్కుతున్నారో చూసే ఉద్యోగం. చిన్నప్పుడు కాలు ఒకచోట నిలిచేది కాదని ఇంట్లో అందరూ పిట్ట అనేవారు. పెద్దదయ్యాక కాలు నిలిచింది, పేరు నిలిచిపోయింది.

ఆదివారం పిట్ట వచ్చి ఆ కంప్యూటర్లో నోట్‌బుక్ అనేది పెట్టింది. అది కాగితాల పుస్తకం కాదు. తెర మీద గడులు గడులుగా ఉంటుంది. ఒక గడిలో మనకేం కావాలో దాని భాషలో రాసి నొక్కితే, ఆ గడి కిందే జవాబు వచ్చి కూర్చుంటుంది. బొమ్మ అడిగితే బొమ్మ. పిట్ట రాయవలసినదంతా రాసేసి, నాలుగు ఫోల్డర్లు చేసింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రోజంతా. ఒక్కోదాంట్లో ఒక్కో నోట్‌బుక్. ఆ నాలుగింటినీ 'నలభై రోజులు' అనే పెద్ద ఫోల్డర్లో పెట్టింది.

"నాలుగూ వరసగా తెరిచి చూపించు మావయ్యా. నువ్వేం మాట్లాడకు. బొమ్మలే మాట్లాడతాయి" అని చెప్పి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

తీరా సోమవారం పొద్దున ఆయన నోట్‌బుక్ తెరిస్తే, ఎక్కడ తెరుచుకుంది? 'నలభై రోజులు' దగ్గర కాదు. కంప్యూటరు మొదట్లో తెరుచుకుంది. అక్కడ ఆయనకంటే ముందు పనిచేసిన ముగ్గురు మెకానిక్కుల సంసారమంతా ఉంది. ఎవరివో పెళ్ళి ఫోటోలు, ఎవరివో పాటలు, ఒకాయన ఇల్లు కట్టించుకున్న ప్లాను, మరొకాయన పళ్ళ ఎక్స్‌రే. వాటి మధ్య 'పనులు' అనే ఫోల్డరు వెతకాలి. దాంట్లో 'పాతవి'. అందులో 'కొత్తవి', అదెందుకలా ఉందో పెట్టినవాడికే తెలియాలి. అందులో 'లిఫ్టు'. అందులో 'నలభై రోజులు'. ఆయన వేళ్ళు నట్లూ బోల్టులకి అలవాటుపడ్డ వేళ్ళు. ఒకటి నొక్కబోతే పక్కది తెరుచుకునేది. సోమవారమంతా తిరిగి తిరిగి ఒకే ఒక్కసారి 'రోజంతా' దాకా చేరాడు. బొమ్మ చూశాడు. కింది అంతస్తు గీత తాటిచెట్టంత ఉంది, ఏడో అంతస్తు గీత దాని నడుము దగ్గరే ఆగిపోయింది. ఆయన ముఖం వాడిపోయింది. మిగతా మూడు బొమ్మలు చూద్దామని వెనక్కొస్తూ దారి తప్పి, మళ్ళీ పళ్ళ ఎక్స్‌రే దగ్గర తేలాడు.

మంగళవారమూ అంతే.

బుధవారం రెండుంబావుకి మెకానిక్కు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకో ముప్పావుగంటలో సూపరింటెండెంటమ్మ వస్తుంది. ఆవిడ ముందు ఎవరిదో పెళ్ళి విందు ఫోటోలు తెరిస్తే ఇంకేమన్నా ఉందా. పిట్టకి ఫోను కలిపాడు.

"మావయ్యా, ఏం కనిపిస్తోంది?"

"పెళ్ళికొడుకు."

"వెనక్కి రా."

"వచ్చాను. ఇప్పుడు పెళ్ళికూతురు."

"ఇంకా వెనక్కి."

"పిట్టా, ఒక మాటడుగుతాను. ఇది తెరిచినప్పుడల్లా అక్కడికే ఎందుకు పోతోంది? నేను 'రోజంతా' దాకా ఈడ్చుకెళ్ళి వదిలానా, మూసి తెరిచేసరికి మళ్ళీ కిందకి పోయి నిలబడుతోంది."

"అది అంతే మావయ్యా. మొదలెక్కడో అక్కణ్ణించే తెరుచుకుంటుంది. చెప్పకపోతే దానికేం తెలుసు."

మెకానిక్కు కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. ముఖం చేటంత అయింది.

"ఓసి నీ... దీనికి హోమ్ ఫ్లోరు తప్పుగా ఉందన్నమాట."

"ఆఁ... అలాగే అనుకో."

"మరి రెండ్రోజులుగా చెప్పవేం. హోమ్ ఫ్లోరు మార్చడం నాకు మంచినీళ్ళు తాగినట్టు. ఎక్కడ మారుస్తారు?"

"నువ్వు ముట్టుకోకు మావయ్యా. ఆదివారం నేనొచ్చి..."

"ఆదివారానికి మీ అత్త నన్ను మిద్దె మీద దుప్పట్లతో పాటు ఆరేస్తుంది. చెప్పు."

పిట్ట నవ్వాపుకుంటూ చెప్పింది. ఆ నోట్‌బుక్కుకి ఒక సెట్టింగుల కాగితం ఉంటుంది. అందులో వందల పంక్తులుంటాయి, అన్నీ నిద్రపోతుంటాయి. ప్రతి పంక్తి ముందూ ఒక గుర్తుంటుంది, అది ఉన్నంతసేపూ ఆ పంక్తి లెక్కలోకి రాదు. మొదలెట్టే ఫోల్డరు సంగతి చెప్పే పంక్తి ఒకటుంది. దాని ముందు గుర్తు తీసెయ్యాలి. చివర కొటేషన్ల మధ్య మనకి కావలసిన ఫోల్డరు చిరునామా పెట్టాలి. దాచాలి, అంటే సేవ్ చెయ్యాలి. నోట్‌బుక్ పూర్తిగా ఆపి మళ్ళీ తెరవాలి.

"చిరునామా చేత్తో కొట్టకు. ఆ ఫోల్డర్లోకి వెళ్ళి, పైన పట్టీలో ఉన్నది కాపీ చెయ్యి. ఏ ఫోల్డరో తెలుసుగా? నల..."

అక్కడ పిట్ట ఎక్కిన బస్సు ఏ సొరంగంలో దూరిందో, ఫోను తెగిపోయింది.

మెకానిక్కు కంగారుపడలేదు. వినవలసింది విన్నాడు. ముందుగా గోడకున్న ఎర్రట్ట తీసి కంప్యూటరు మెడలో వేశాడు. 'పని జరుగుతోంది, ముట్టుకోరాదు' అని ఉంటుంది దాని మీద. గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. ఉన్నా లేకపోయినా వెయ్యాలి. పని అన్నాక ఒక పద్ధతి ఉంటుంది.

సెట్టింగుల కాగితం తెరిచాడు. వేలితో తెర మీద ఒక్కో పంక్తీ తడుముకుంటూ ఆ పంక్తి పట్టుకున్నాడు. గుర్తు తీసేశాడు. ఇక చిరునామా. లిఫ్టుకైతే హోమ్ ఫ్లోరు పెట్టే పద్ధతి ఒకటే. లిఫ్టుని తీసుకెళ్ళి కావలసిన అంతస్తులో నిలబెట్టాలి, ప్యానెల్లో బటన్ నొక్కి పట్టుకోవాలి. ఎక్కడ నిలబెట్టి నొక్కితే అదే దాని ఇల్లు. ఇక్కడా అంతే కదా అనుకున్నాడు. ఫోల్డర్లలో నడుచుకుంటూ పోతే ఈసారి అదృష్టం బాగుండి 'మధ్యాహ్నం'లో తేలాడు. మధ్యాహ్నమంటే భార్య ట్రాలీలు దింపే వేళ. మంచి శకునమే అనుకున్నాడు. ఇల్లు ఏ అంతస్తులో ఉంటేనేం, లిఫ్టు అన్ని అంతస్తులకీ పోతుంది కదా. ఆ చిరునామా కాపీ చేసి కొటేషన్ల మధ్య పెట్టాడు. దాచాడు. అంతా ఆపాడు. ఎర్రట్ట తీశాడు. తెరిచాడు.

నోట్‌బుక్ తిన్నగా వచ్చి 'మధ్యాహ్నం'లో నిలబడింది.

పెళ్ళికొడుకు లేడు. పళ్ళ ఎక్స్‌రే లేదు. తెరంతా ఖాళీగా, శుభ్రంగా, ఒకే ఒక్క నోట్‌బుక్. మెకానిక్కు మూసి మళ్ళీ తెరిచాడు. అక్కడే. మళ్ళీ మూసి గది బయటికి పోయి, ఆకాశం చూసి, లోపలికొచ్చి తెరిచాడు. అక్కడే. ఏడుసార్లు తెరిచాడు. ఎనిమిదోసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. కాలు నేల మీద నిలవలేదు ఆయనకి. మిద్దె మీద తాళ్ళకి తెల్లదుప్పట్లు రెపరెపలాడుతుంటే వాటి మధ్యనుంచి దూసుకుపోయి, మెట్లు దిగి, బట్టల గది గుమ్మంలో నిలబడ్డాడు.

"పిలవకుండానే వచ్చి నిలబడుతోంది" అన్నాడు రొప్పుతూ.

భార్య ఆశగా లిఫ్టు తలుపు వంక చూసింది. మూసే ఉంది. పైన అంకె సున్నా చూపిస్తోంది. "ఏది?"

"నోట్‌బుక్."

"నేను దాంట్లో ట్రాలీ పెట్టుకుని దిగాలా?" అంది ఆవిడ. గది ఘొల్లుమంది. ఆయనా నవ్వేశాడు. నవ్వుతూనే పైకి పరిగెత్తాడు, మిగతా మూడు బొమ్మలూ తెరిచి వరసలో పెట్టుకుందామని.

ఒక ఫోల్డరు పైకి పోదామని చూశాడు. పైకి పోయే దారి లేదు. వెనక్కి పోయే గుర్తు నొక్కాడు. కదల్లేదు. 'పొద్దున' లేదు, 'సాయంత్రం' లేదు, 'రోజంతా' లేదు. 'లిఫ్టు' లేదు. 'పాతవి' లేదు, 'కొత్తవి' లేదు. ముగ్గురు మెకానిక్కుల సంసారాలు లేవు. ఒక్క పంక్తి ముందు గుర్తు తీసినందుకు ఇంతా తుడిచిపెట్టుకుపోయింది. నలభై రోజులూ పాయె. పిట్ట ఆదివారమంతా కూర్చుని చేసింది పాయె. పెళ్ళికొడుకుల్ని రెండ్రోజులు తిట్టాడే, వాళ్ళ ఉసురే తగిలింది.

పిట్టకి ఫోను చేశాడు. మోగలేదు. మళ్ళీ చేశాడు. మోగలేదు.

అలా పన్నెండోసారి చేయబోతుంటే తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. సూపరింటెండెంటమ్మ. మూడు కావడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. ఆవిడ వెనక, చంకలో దిండు గలీబుల మూటతో భార్య.

"ఆవిణ్ణి నేనే రమ్మన్నాను. తన అంతస్తు సంగతే కదా" అంది సూపరింటెండెంటమ్మ. "చూపించండి."

మెకానిక్కు చేతిగుడ్డతో నుదురు తుడుచుకున్నాడు. ఉన్నదొక్కటే. దాన్నే తెరిచాడు. గడులన్నీ వరసగా నడిచాయి. చివరి గడి కింద బొమ్మ వచ్చి కూర్చుంది. ఆయన దాన్ని చూడటం అదే మొదలు. కళ్ళు చెదిరాయి. ఏడో అంతస్తు గీత పైకి, ఇంకా పైకి పోయి గడి కప్పుకి తగులుతోంది. మిగతా అంతస్తులన్నీ దాని కాళ్ళ దగ్గర చీమల్లా ఉన్నాయి.

"అబ్బో" అంది భార్య చిన్నగా.

సూపరింటెండెంటమ్మ వంగి చూసింది. "ఇంత తేడా ఉందా? నేననుకోలేదు. ఇది రోజంతటిదేనా?"

అవునంటే చాలు. ఆవిడ వెంటనే సరేనంటుంది. లిఫ్టు ఈ సాయంత్రానికే ఏడో అంతస్తు గుమ్మంలో ఉంటుంది. భార్య ఆయన వంకే చూస్తోంది, మూట గుండెకి హత్తుకుని. మెకానిక్కు లిఫ్టు ఎక్కినవాళ్ళకి తీగ ఎంత బరువు మోస్తుందో పంతొమ్మిదేళ్ళుగా ఉన్నదున్నట్టే రాసి అంటించాడు. ఇవాళొక్కరోజుకి కొత్త రాత రాదు ఆయనకి.

"కాదమ్మా. ఇది రెండు నుంచి నాలుగు దాకానే. రోజంతటి బొమ్మ ఉండాలి. అందులో కింది అంతస్తుదే పైచేయి. నేను చూశాను. ఇప్పుడే దాన్ని... పోగొట్టాను. అన్నీ పోగొట్టాను. హోమ్ ఫ్లోరు మార్చబోయి."

భార్య మూట ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది.

అప్పుడు మోగింది ఫోను. ఆయన కంగారులో ఏది నొక్కాడో, పిట్ట గొంతు గదంతా వినపడింది.

"మావయ్యా, పదకొండుసార్లు చేశావు. ఏం పేల్చావు?"

"అన్నీ పోయాయే పిట్టా. మధ్యాహ్నం ఒక్కటే మిగిలింది. పైకి దారి లేదు."

అవతల మొదలైంది నవ్వు. బస్సులో పక్కవాళ్ళు కూడా ఏమైందని అడగడం వినపడింది. "మావయ్యా, 'మధ్యాహ్నం'లో ఇల్లు పెట్టావా? పెట్టినచోటు నుంచి లోపలికే కనిపిస్తుంది అది. బయటికి చూడదు. నువ్వు గదిలో దూరి గడియేసుకుని, ఊరు మాయమైపోయిందని ఏడుస్తున్నావు."

"పోలేదా?"

"ఒక్క అక్షరం పోలేదు. దానికి కనపడట్లేదంతే."

"లిఫ్టు అలా చెయ్యదే" అన్నాడు మెకానిక్కు, కాస్త రోషంగా.

"అది లిఫ్టు కాదు కదా మావయ్యా. ఇప్పుడా సెట్టింగు తెరువు. చిరునామాలో చివరి మాట చెరిపెయ్యి. 'నలభై రోజులు' దగ్గర ఆపు. పక్కన అత్త ఉందా?"

"ఉంది. సూపరింటెండెంటమ్మగారూ ఉన్నారు."

ఫోను టపీమని ఆగిపోయింది.

మెకానిక్కు ఎర్రట్ట తీసి మళ్ళీ కంప్యూటరు మెడలో వేశాడు. అది చూసి సూపరింటెండెంటమ్మ అసంకల్పితంగా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన చివరి మాట చెరిపాడు. దాచాడు. ఆపాడు. అట్ట తీశాడు. తెరిచాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రోజంతా. నలుగురూ ఏమీ ఎరగనట్టు వరసగా నిలబడి ఉన్నారు. మెకానిక్కు వాళ్ళని చూసి, ఎవరూ చూడట్లేదనుకుని, కంప్యూటరు తల నిమిరాడు. భార్య చూసింది.

నాలుగు బొమ్మలూ తెరిచాడు. వరసగా. నోరు మెదపలేదు. పొద్దున వంటగది పిలుస్తోంది. సాయంత్రం మూడో అంతస్తు స్టోరు పిలుస్తోంది. రోజంతటి మీద కింది అంతస్తే. మధ్యాహ్నం మాత్రం ఏడో అంతస్తు విరగబడుతోంది.

సూపరింటెండెంటమ్మ చాలాసేపు చూసింది. "ఈ లిఫ్టుకి ఒక్క ఇల్లే ఉండాలని ఎక్కడన్నా రాసుందా?"

మెకానిక్కు తలెత్తాడు.

"వేళని బట్టి మార్చడం కుదురుతుందా అని అడుగుతున్నాను. రెండు నుంచి నాలుగు దాకా పైన, మిగతా వేళంతా కింద."

"కుదురుతుందమ్మా. ప్యానెల్లో గడియారం ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ అడగలేదు దాన్ని."

"నేను అడుగుతున్నాను. ఇప్పుడు మూడుంబావు. పెట్టండి." గుమ్మం దాకా పోయి ఆగింది. "మీరు అవునని ఉంటే రోజంతా పైనే ఉండేది. రేపు పొద్దున వంటవాళ్ళు మనిద్దర్నీ కనపడకుండా నమిలేసేవారు."

ఆవిడ మెట్లు దిగాక భార్య దగ్గరికొచ్చింది. "పొద్దుటిపూట నాకు అక్కర్లేదు కూడా" అంది. అంతే అంది. అని కిందికి పోయింది.

మెకానిక్కు లిఫ్టుని ఏడో అంతస్తుకి తెచ్చి నిలబెట్టాడు. బటన్ నొక్కి పట్టుకున్నాడు. గడియారం కలిపాడు. పద్ధతి ప్రకారం దాన్ని ఖాళీగా కిందికి పంపాడు, ఇల్లు గుర్తుందో లేదో చూద్దామని. సున్నాలో కాసేపు ఆగింది. తర్వాత ఎవరూ పిలవకుండా, తనంతట తనే, ఒకటి, రెండు, మూడు అంటూ పైకి బయల్దేరింది. ఆయన అంకెల దీపాలు చూస్తూ తనూ లెక్కపెట్టాడు. ఏడు.

మూడున్నరకి ఏడో అంతస్తులో బటన్ దీపం వెలిగింది. ఆవిడే. తలుపు తెరుచుకున్న దీపం వెంటనే వెలిగింది. మెకానిక్కు ఛాతీ పొంగింది. కాసేపటికి తలుపు మూసుకుంది. లిఫ్టు కదల్లేదు. మళ్ళీ బటన్. మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. కదల్లేదు. మూడోసారి. ఇదేం ఖర్మరా నాయనా అని ఆయన మెట్లు రెండేసి దూకుతూ దిగాడు.

భార్య లిఫ్టుకి వీపు పెట్టి నిలబడి, ట్రాలీ మీద దిండు గలీబులు మడతపెడుతోంది. ఆవిడ వెనక తలుపు బార్లా తెరుచుకుని ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"బటన్ నొక్కాను. వచ్చేలోగా నాలుగు గలీబులు మడతపడతాయి. రోజూ అంతే కదా. ఇవాళ మూడుసార్లు నొక్కినా, తిరిగి చూస్తే తలుపు మూసే ఉంటోంది."

"వెనక్కి చూడు."

చూసింది. తలుపు, దీపం, తుడిచిన అద్దం, అద్దంలో తను. నోరు వెళ్ళబెట్టింది. అంతలో తలుపు మూసుకుంది. ఆవిడ గబుక్కున బటన్ నొక్కింది. వేలు తీయకముందే తెరుచుకుంది.

"ఇంకోసారి" అంది.

నొక్కింది. తెరుచుకుంది. బట్టల గదిలోంచి నలుగురు ఆడవాళ్ళూ పరిగెత్తుకొచ్చారు. గడుసుపిల్ల ఆవిణ్ణి పక్కకి తోసి తను నొక్కింది. తెరుచుకుంది. ఒకామె మోచేత్తో నొక్కింది, ఒకామె మడిచిన తువ్వాలుతో నొక్కింది. పిలిచినప్పుడల్లా కిమ్మనకుండా తలుపు తీస్తోంది. ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. భార్యకి నవ్వి నవ్వి కళ్ళంట నీళ్ళొచ్చాయి, గలీబుతో తుడుచుకుని, మాసిందని దాన్ని మళ్ళీ ఉతికే బుట్టలో పడేసింది.

"మరిప్పుడు ఈ గలీబులు ఎప్పుడు మడతపెట్టుకోవాలండీ నేను?" అంది మొగుణ్ణి పట్టుకుని.

గోడ మీద ఫోను మోగింది. మెకానిక్కు తీశాడు. సూపరింటెండెంటమ్మ.

"లిఫ్టు పావుగంటగా ఏడు దిగి రావట్లేదంటున్నారు వంటగదివాళ్ళు. ఇరుక్కుందా?"

"లేదమ్మా" అన్నాడు మెకానిక్కు. వెనక మళ్ళీ ఎవరో బటన్ నొక్కారు. "ఇంట్లోనే ఉంది. చుట్టాలొచ్చారు."